పైన ఒకటి, కింద రెండున్నర

"మీకు కూడికలు వచ్చా?"

బయట వాన దంచికొడుతోంది. గొడుగు సగమే మూసి, అందులోని నీళ్ళన్నీ నేను పొద్దుటి నుంచీ తుడిచి పెట్టుకున్న ఫ్రేముల మీద చల్లుతూ, ఒకమ్మాయి నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. కోపంలో కూడా కొందరు అందంగా ఉంటారంటే అంతకుముందు నేను నమ్మేవాణ్ణి కాదు.

"వచ్చండీ. తీసివేతలు కూడా వచ్చు" అన్నాను.

ఆమె ఒక కళ్ళజోడునీ, పక్కనే ఒక డాక్టరు చీటీనీ కౌంటర్ మీద టక్కున పెట్టింది. ఆ కళ్ళజోడు ఆర్డర్ తీసుకున్నది మా షాపు యజమానురాలు డాక్టరమ్మ. లెక్క వేసి అద్దాలు బిగించింది మాత్రం నేనే.

"ఇది మా నాన్నగారి చీటీ. రెండు కళ్ళకీ పైన ఒకటి అని రాసుంది. కింద రెండుంబావు అని రాసుంది. మీరిచ్చిన అద్దాలేమో మూడుంబావు. ఈ కాగితం మీద మూడుంబావు ఎక్కడుందో చూపించండి."

"కాగితం మీద ఉండదండీ. మనమే కట్టాలి."

"ఏంటీ, గాల్లో మేడలా?"

నవ్వాపుకుని చీటీ ఆమె వైపు తిప్పాను. "పైన ఉన్న ఒకటి దూరం చూడ్డానికి. వయసొచ్చాక దగ్గరివి చూడాలంటే అదొక్కటే చాలదు, ఇంకొంచెం కలపాలి. ఆ కలపాల్సిందే కింద రాసిన రెండుంబావు. అది విడిగా ఒక పవరు కాదు, దూరం పవరు మీద వేసే కొసరు. చాలామంది ఆ కొసరునే చదివే కళ్ళజోడనుకుని పొరపాటు పడతారు. ఇప్పుడు ఒకటికి రెండుంబావు కలిపితే..."

"మూడుంబావు" అనేసింది. అనేసి నాలిక కరుచుకుంది. తను ఒకటో తరగతి టీచరనీ, కూడిక కనిపిస్తే జవాబు చెప్పకుండా ఉండలేదనీ నాకు తర్వాత తెలిసింది.

"సరే లెక్కల మాస్టారూ, కూడిక రైటే. మరి మా నాన్నగారికి ఎందుకు సరిపోలేదు?"

"ఏమంటున్నారాయన?"

"బాగా దగ్గరికి వంగితే తప్ప కనిపించడం లేదట. ఇంకాస్త దూరంలో కనిపించాలి."

"ఆయన ఏం చదువుతారండీ?"

ఆమె తడుముకుంది. "పేపరు."

"ఎంత దూరంలో పట్టుకుని?"

ఆమె చెయ్యి చాపింది. మోచెయ్యి కొద్దిగా వంచి, గాల్లో ఏదో గుండ్రటిదాన్ని పట్టుకున్నట్టు వేళ్ళు పెట్టింది.

"అంత దూరమా? మీ నాన్నగారు చదివేది సొంత పేపరేనా, బస్సులో ముందు సీటాయన పేపరా?"

ఆమె పెదాల చివరిదాకా నవ్వు వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసి, "ఆయన ఏది చదివితే మీకెందుకు? దూరంగా కనిపించేలా చేసి పెట్టండి. రేపు వస్తాను" అని విసవిసా వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేసి, తడిసి, వెనక్కి వచ్చి, నా వంక చూడకుండా గొడుగు తీసుకుని మళ్ళీ విసవిసా వెళ్ళింది.

అద్దాలు మార్చే ముందు కళ్ళజోడుని శుభ్రం చేయడం మా షాపులో పద్ధతి. ఆ సాయంత్రం దాని మడత దగ్గర స్క్రూ విప్పితే సన్నటి వెంట్రుక ముక్కలు రాలాయి. నల్లవి, తెల్లవి, రంగు వేసిన ఎర్రటివి. ఒక్క మనిషి తల మీద ఇన్ని రకాలు ఉండవు. ముక్కు మీద ఆనే చోట తెల్లగా ఏదో ఎండిపోయి ఉంది. వాసన చూశాను. షేవింగ్ క్రీము.

పేపరు చదివే మనిషి కళ్ళజోడుకి షేవింగ్ క్రీము ఎందుకంటుతుంది?

రెండు వీధుల అవతల ఒక సెలూన్ ఉంది. మర్నాడు మధ్యాహ్నం, పెరిగిన గడ్డం తడుముకుంటూ అక్కడికి బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, కళ్ళజోడు కోసం పావు వంతు, ఆ ఆగిపోయిన నవ్వు కోసం ముప్పావు వంతు.

సెలూన్ చిన్నదే కానీ అద్దంలా ఉంది. రెండు కుర్చీలు, వాటి ఎదురుగా గోడంతా అద్దం, వెనక తలుపు పక్కన ఒక బెంచీ. దువ్వెనలు పొడుగు వారీగా పేర్చి ఉన్నాయి. ఆ అమ్మాయి పోలికలున్న పెద్దాయన, కళ్ళజోడు పెట్టుకుని, "రా బాబూ, కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. మెడకి గుడ్డ కట్టి, నురగ పట్టించి, కత్తికి కొత్త బ్లేడు వేశాడు.

ఆ బ్లేడు తళుక్కుమన్నప్పుడు నాకొక సంగతి వెలిగింది. ఆయన దగ్గరి చూపు కళ్ళజోడు నా షాపులో, నా సొరుగులో ఉంది. ఇప్పుడు ఆయన ముక్కు మీద ఉన్నవి దూరం అద్దాలు. అంటే నా గడ్డం ఆయనకి మేఘంలా కనిపిస్తుంటుంది.

లేచిపోదామనుకున్నాను. అప్పటికే చల్లటి కత్తి చెంప మీద ఆనింది. కుక్కిన పేనులా ఉండిపోయాను.

ఆయన తల వెనక్కి జరిపి, ముందుకి జరిపి, కళ్ళజోడుని ముక్కు కొసకి దించి చూస్తున్నాడు. చూపు తడబడుతున్నా చెయ్యి తడబడటం లేదు. ఏళ్ళ తరబడి అలవాటైన వేళ్ళు ముందు చర్మాన్ని తడిమి చూసుకుంటున్నాయి, కత్తి ఆ వెనక నడుస్తోంది. చెంపలు రెండూ నున్నగా తేలాయి. గడ్డం కింద గుంట దగ్గరికి వచ్చేసరికి చురుక్కుమంది.

అప్పుడే తలుపు తోసుకుని ఆ అమ్మాయి వచ్చింది, భుజాన బడి సంచీతో. అద్దంలో నన్ను చూసింది. నా గడ్డం మీద ఎర్రటి చుక్కనీ చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. చెప్పొద్దు అని కళ్ళతోనే బతిమాలింది.

"గాటు పడిందా బాబూ?" అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో భయం నాకు స్పష్టంగా వినిపించింది.

"నాదే తప్పండీ. తుమ్మొచ్చి కదిలాను" అన్నాను.

ఆయన నమ్మాడో లేదో తెలీదు. ఆ అమ్మాయి మాత్రం బెంచీ మీద కూలబడి చాలాసేపు నన్నే చూసింది. నిన్నటి చూపు కాదది.

నేను అద్దంలో ఆయన కళ్ళజోడు వంక చూసి, నా గడ్డం వంక చూసి, మళ్ళీ ఆమెని చూశాను. ఎంత దూరం అని నిన్న అడిగానుగా. పిల్లల సైగలు చదివే టీచరు కదా, ఇట్టే పట్టేసింది. పొడుగాటి తువ్వాలొకటి తీసి, ఒక కొసతో వాళ్ళ నాన్న కణత మీద చెమట అద్దుతూ, రెండో కొసతో నా గడ్డం మీద రక్తం అద్దింది. మధ్యలో తువ్వాలు బిగుసుకుంది, సరిగ్గా ఆయన కంటికీ నా గడ్డానికీ ఉన్న దూరమంత.

"ఇదేంటమ్మా, ఇద్దరికీ ఒకటే తువ్వాలా?"

"మిగతావన్నీ ఉతుకులో ఉన్నాయి నాన్నా" అని, సరిగ్గా నా గడ్డం ఆనిన చోట ముడి వేసేసింది.

మర్నాడు ఆ తువ్వాలుతోనే షాపుకి వచ్చింది. నా గడ్డం మీద దూది చూసి తల దించుకుంది.

"చాలా నొప్పిగా ఉందా?"

"పేపరు కరిచిందండీ."

ఈసారి నవ్వు ఆపలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అబద్ధం చెప్పాను. ఏం చెయ్యను చెప్పండి? కళ్ళు సరిగ్గా కనిపించని మనిషి కత్తి కింద మెడ ఎవరు పెడతారు? ఈ మాట బయటికి పొక్కితే మా సెలూన్‌కి ఒక్కరూ రారు. మీ కళ్ళజోడు పెట్టుకుంటే ఆయన అందరి ముఖాల మీదకీ వంగిపోయేవారు. ఒకాయన అయితే, 'ఏంటండీ, ముద్దు పెడతారా' అని లేచి వెళ్ళిపోయాడు. ఈ నెలాఖరుకి కుర్చీలు అమ్మేస్తానంటున్నారు నాన్న. ఒకరి గొంతు కోశాక మానేయడం కంటే ముందే మానేయడం మేలట. ఆ కత్తి పక్కన పెడితే మా నాన్న ఎలా బతుకుతారో నాకు తెలీడం లేదు."

తువ్వాలుని కొస నుంచి ముడి దాకా టేపుతో కొలిచాను. అరవై సెంటీమీటర్లు.

"ఇదండీ సంగతి. దగ్గరి చూపు అంటే మేం మామూలుగా పుస్తకం దూరం అనుకుంటాం, నలభై సెంటీమీటర్లు. రెండుంబావు కొసరు దానికే. మీ నాన్నగారి పని అంతకంటే దూరంలో ఉంది. దూరం పెరిగితే కొసరు తగ్గాలి. ఈ కొలతకి ముప్పావు తగ్గించొచ్చు."

"రెండుంబావులో ముప్పావు తీసేస్తే ఒకటిన్నర."

"దానికి దూరం పవరు ఒకటి కలిపితే?"

"రెండున్నర" అని, నా కౌంటర్ మీద వేలితో రైటు మార్కు గీసింది. "తీసివేతలు కూడా వచ్చని ఊరికే అనలేదన్నమాట."

డాక్టరమ్మకి చూపిస్తే తల ఊపింది. "లెక్క బాగానే ఉంది. కానీ కళ్ళు లెక్క ప్రకారం నడవవు. పెట్టి చూడకుండా అద్దాలు కోయకు" అంది. పెద్దాయనేమో షాపుకి రానన్నాడు, ఎవరైనా చూస్తారని. అందుకని పరీక్ష అద్దాల పెట్టె పట్టుకుని నేనే వెళ్ళాను, భోజనాల వేళ, సెలూన్ షట్టరు సగం దించి ఉన్నప్పుడు.

నన్ను చూడగానే ఆయనకి అర్థమైపోయింది. "ఊరంతా చాటింపు వేశావా తల్లీ?" అన్నాడు కూతురితో.

"ఊరంతా కాదండీ, నేనొక్కణ్ణే" అన్నాను. "నా మెడ ఎటూ మీ కత్తి కింద పెట్టాను. ఇంక నా దగ్గర దాపరికం ఏంటి?"

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. పరీక్ష ఫ్రేము పెట్టి, రెండు కళ్ళకీ రెండున్నర అద్దాలు జారవిడిచి, "ఇప్పుడు నిలబడి, రోజూ నిలబడేలా నిలబడి, నన్ను చూడండి" అని కుర్చీలో కూర్చున్నాను.

ఆయన వంగలేదు. నిటారుగా నిలబడి నా చెంప మీద వేలు పెట్టాడు. వేలు మెల్లగా గడ్డం దాకా వచ్చి ఆగింది.

"ఒక్కొక్క వెంట్రుకా కనిపిస్తోందమ్మా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ గాటు కూడా కనిపిస్తోంది. తుమ్ము కాదు కదూ అబ్బాయ్?"

ఆయన నా తల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి, మడత పెట్టి ఉన్న తువ్వాళ్ళనే మళ్ళీ మడత పెట్టసాగింది. నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఇన్నేళ్ళుగా కళ్ళజోళ్ళు చేస్తున్నాను, ఇంత సంతోషం ఎప్పుడూ లేదు.

ఇంకో ఫ్రేములో రెండున్నర అద్దాలు బిగించి ఇచ్చాను. కుర్చీలు అమ్మే మాట మళ్ళీ రాలేదు. పాత మూడుంబావు కళ్ళజోడుతో ఆయన నిజంగానే పొద్దున్నే పేపరు చదవడం మొదలుపెట్టాడు. ఆ విధంగా టీచరుగారి అబద్ధం కూడా నిజమైపోయింది.

ఇక నా గడ్డం సంగతి. అది వారానికోసారి గీయించుకునే గడ్డం. ఇప్పుడు రోజు విడిచి రోజు గీయించుకోవాల్సి వస్తోంది.

"అంత తొందరగా పెరుగుతుందా మీ గడ్డం?" అందా అమ్మాయి ఒకసారి, తలుపు దగ్గర.

"నీళ్ళు పోసి పెంచుతున్నానండీ."

బడి వదిలాక ఆమె తలుపు పక్క బెంచీ మీద కూర్చునేది. నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి. మధ్యలో వాళ్ళ నాన్న, ఎదురుగా అద్దం. ఆ అద్దంలో మా ఇద్దరికీ కావాల్సినంత చోటుంది.

మొదట్లో ఆమె భయపడింది. "నాన్న చూస్తారేమో" అంది.

"చూడలేరు. ఆ రెండున్నర అద్దాల్లోంచి నా గడ్డం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మీటరు దాటిందంటే మసకే. బెంచీ మీద మీరున్నారో, తువ్వాళ్ళ మూట ఉందో కూడా తెలీదు."

"తువ్వాళ్ళ మూటా?" అని మూతి తిప్పింది. కానీ ఆ రోజు నుంచి ధైర్యంగా నవ్వడం మొదలుపెట్టింది. కనుబొమలెగరేయడం, నేను నోరు విప్పలేని సమయం చూసి వెక్కిరించడం, నురగ పట్టిన నా ముఖాన్ని అనుకరించడం. నేను కత్తి కింద నవ్వు ఆపుకోలేక చచ్చేవాణ్ణి.

ఒక సాయంత్రం మళ్ళీ వాన. ఆమె గొడుగుని, నేను తడవకుండా తనూ, తను తడవకుండా నేనూ పట్టుకుని, చివరికి ఇద్దరం తడిసి, మా షాపు దాకా నడిచాం.

"నాన్నకి ఎప్పుడు చెప్తారు?" అంది.

"రేపు."

"మొన్న కూడా రేపే అన్నారు."

"మొన్న నోరు తెరిచాను. అప్పుడే మీ నాన్నగారు కత్తికి కొత్త బ్లేడు వేశారు. మీ అమ్మాయంటే నాకు ఇష్టం అని చెప్పడానికి అది మంచి సమయంలా అనిపించలేదు."

"పిరికి మాస్టారు" అని గొడుగు లాక్కుని వెళ్ళిపోయింది.

ఈ మధ్యలోనే పెద్దాయనకి కొత్త ఇబ్బంది వచ్చింది. గడియారం చూడాలంటే దూరం కళ్ళజోడు, కత్తి పట్టాలంటే దగ్గరి కళ్ళజోడు, ఒకటి తీసి ఒకటి పెట్టి చెవులు వాచిపోతున్నాయట. "దీనికేమీ ఉపాయం లేదా అబ్బాయ్?" అని అడిగాడు.

నాకు పని మీద మమకారం ఎక్కువ. ఎవరైనా ఇలాంటి చిక్కు తెస్తే ఇంకేమీ గుర్తుండదు. ఒకే ఫ్రేములో రెండు చూపులూ వచ్చే అద్దాలు చేశాను. పై సగంలో దూరానికి ఒకటి, కింది సగంలో పనికి రెండున్నర. ఆయన నిలబడే తీరు, తల వంచే తీరు చూసుకుని, మధ్య గీత సరిగ్గా ఎక్కడ రావాలో కొలిచి మరీ చేశాను. ఇంత చక్కటి కళ్ళజోడు మా షాపులోనే లేదని డాక్టరమ్మ కూడా మెచ్చుకుంది. పొంగిపోయి, పొద్దున్నే వెళ్ళి ఆయన చేతికిచ్చి వచ్చాను. తాను తీసిన గోతిలో తానే పడటం అంటే ఇదే అని అప్పటికి తెలీదు.

సాయంత్రం మామూలుగా వెళ్ళి కూర్చున్నాను. మామూలుగా గుడ్డ కట్టాడు, నురగ పట్టించాడు. ఆ అమ్మాయి మామూలుగా బెంచీ మీద కూర్చుని, అద్దంలో నా వంక చూసి, బుగ్గలు పూరించి, నాలిక బయటపెట్టింది. నేను కన్ను గీటాను.

కత్తి నా కుడి చెంప దిగి, గొంతు మీదకి వచ్చి, అక్కడే ఆగింది.

"అబ్బాయ్" అన్నాడు పెద్దాయన, చాలా నెమ్మదిగా. "కళ్ళజోడు అద్భుతంగా కుదిరింది."

"థాంక్సండీ" అన్నాను, పెదాలు కదపకుండా.

"పై అద్దంలోంచి చూస్తే మా అమ్మాయి నాలిక కనిపిస్తోంది. కింది అద్దంలోంచి చూస్తే నీ గొంతు కనిపిస్తోంది. ఇప్పుడు దేంట్లోంచి చూడమంటావు?"

బెంచీ మీద తువ్వాళ్ళన్నీ దబ్బున కిందపడ్డాయి. "నాన్నా! ముందు ఆ కత్తి తియ్యి!"

"నీకేంటమ్మా తొందర? అబ్బాయి ఇంకా జవాబు చెప్పలేదు."

నా పరిస్థితి ఆలోచించండి. తల ఊపితే గొంతు తెగుతుంది. ఊపకపోతే పెళ్ళి తప్పిపోతుంది. గుటక మింగడానికి కూడా చోటు లేదు. ఇన్నాళ్ళూ రేపు, రేపు అని దాటేసిన మాట, ఆ కత్తి కిందే చెప్పాల్సి వచ్చింది.

"మీ అమ్మాయిని నేను చూసుకుంటాను. మీరు కింది దాంట్లోంచే చూడండి మామయ్యగారూ" అన్నాను.

ఆ చివరి మాట నేను కావాలని అనలేదు. దానంతట అదే వచ్చేసింది.

పెద్దాయన భుజాలు కదలడం మొదలైంది. ఎంత చెయ్యి తిరిగిన మనిషంటే, నవ్వు రాబోతోందని తెలిసి ముందు కత్తి పైకెత్తాడు, ఆ తర్వాతే నవ్వాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేదాకా నవ్వాడు.

"నా కళ్ళకి చూపు తెచ్చావు. నా గాటుని నీ తుమ్ము ఖాతాలో వేసుకున్నావు. ఇంతకంటే మంచివాణ్ణి నేనెక్కడ వెతకను?" అన్నాడు. "ఆదివారం మీ పెద్దవాళ్ళని తీసుకురా. అమ్మలూ, నీకు ఇష్టమేనా?"

నాకు వెనక్కి తిరిగే వీల్లేదు. అద్దంలో చూశాను. ఆమె కిందపడ్డ తువ్వాళ్ళు ఏరుతూ, ముఖం వాటిలో దాచుకుని, "ఊఁ" అంది. కాసేపటికి ఒక్క కన్ను బయటపెట్టి నన్ను కోపంగా చూసింది.

"ఆ అద్దాలు చేసిందెవరు?"

"నేనే."

"పైన దూరం పవరు పెడుతున్నట్టు నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా! మీకు కూడికలు వచ్చు, తీసివేతలు వచ్చు. ముందూ వెనకా చూసుకోవడం మాత్రం రాదు."

నాకు నవ్వొచ్చింది. పెద్దాయన నా గడ్డం పట్టుకుని తల పక్కకి తిప్పాడు.

"కదలకు అల్లుడూ. ఎడమ చెంప ఇంకా మిగిలే ఉంది."